ఎదురుగా ఉన్న సిలువను చదవడం ఎలా?

సిలువను గుర్తుపట్టనివాళ్లు ఉండరు. కానీ రెండు సిలువలు పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. ఈసారి ఒకటి కనిపించినప్పుడు ఇలా చూడండి.

1. ముందు అది కొరతకొయ్య అని గుర్తుచేసుకోండి

మెడలో గొలుసుకు వేలాడి వేలాడి సిలువ నగలా అయిపోయింది. రోమన్ల కాలంలో అది బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. పదిమందీ చూసేచోట, ప్రాణం మెల్లగా పోయేలా వేలాడదీసేవారు. యూదులకైతే మ్రాను మీద వేలాడినవాడు శాపగ్రస్తుడు. సిలువ వార్త కొందరికి ‘వెఱ్ఱితనము’గా తోస్తుందని పౌలు కొరింథీయులకు రాసింది అందుకే.

రోములో పాలటైన్ కొండ మీద 1857లో ఒక గోడగీత బయటపడింది. క్రీ.శ. 200 ప్రాంతం నాటిదని అంచనా. సిలువ మీద మనిషికి గాడిద తల పెట్టారు. పక్కన ఒకడు చెయ్యెత్తి నిలబడ్డాడు. కింద తప్పుల గ్రీకులో ‘అలెక్సామెనోస్ దేవుణ్ణి కొలుస్తున్నాడు’ అని రాత. మనకు మిగిలిన తొలి సిలువ బొమ్మల్లో ఇదొకటి. గీసింది భక్తుడు కాదు, ఎవరో ఆకతాయి.

2. కాలాన్ని అంచనా వేయండి

తొలి క్రైస్తవుల సమాధుల దగ్గర చేప, లంగరు, గొర్రెను భుజాన మోసే కాపరి కనిపిస్తాయి. సిలువ అరుదు. అలాగని వాళ్లు దాన్ని మరిచిపోలేదు. ఇంట్లోకి వచ్చినా, బయటికి వెళ్లినా, భోజనానికి కూర్చున్నా నుదుటి మీద ఆ గుర్తు వేసుకుంటామని 3వ శతాబ్దం మొదట్లో క్రైస్తవ రచయిత టెర్టులియన్ రాశాడు. వేలితో వేసుకున్నారు గానీ రాతిలో చెక్కింది తక్కువ. 312లో మిల్వియన్ వంతెన యుద్ధంతో పేరుపడ్డ రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ గుర్తు కూడా మనమెరిగిన సిలువ కాదు. గ్రీకులో క్రీస్తు పేరులోని మొదటి రెండక్షరాలను, ఖి, రోలను, ఒకదాని మీద ఒకటి పెట్టిన గుర్తది. ఆ శిక్షను కళ్లారా చూసినవాళ్ల తరం పోయాకే సిలువ చర్చి గోడలెక్కిందని నా ఊహ.

3. దేహం ఉంటే కళ్లు చూడండి

నన్నడిగితే అసలు కథంతా ఇక్కడే ఉంది. రోములోని శాంతా సబీనా చర్చి చెక్కతలుపు మీద, సుమారు 430 నాటి పలకలో, యేసు తనతోపాటు సిలువ వేసిన ఇద్దరు దొంగల మధ్య చేతులు చాచి నిలబడి ఉంటాడు. వెనక కొయ్య దాదాపు కనిపించదు. కళ్లు తెరిచే ఉంటాయి. చావును ఓడించినవాడి బొమ్మ అది. ఇప్పుడు జర్మనీలో కొలోన్ చర్చికి రండి. సుమారు 970 నాటి గేరో సిలువ, ఓకు చెక్కతో చేసింది. తల వాలిపోయింది, కళ్లు మూతపడ్డాయి, ఒంటి బరువంతా చేతుల నుంచి కిందికి జారుతోంది. ఇక్కడున్నది నిజంగా చనిపోయిన మనిషి.

దేహమే లేకపోతే? ప్రొటెస్టెంట్ చర్చిల్లో ఎక్కువగా అంతే. యేసు లేచాడు కాబట్టి సిలువ ఖాళీ అంటారు. క్యాథలిక్కులు మాత్రం ఆ త్యాగాన్ని కళ్లెదుటే ఉంచుకుంటారు.

4. అడ్డకర్రలు లెక్కపెట్టండి

మూడు ఉంటే, అందులోనూ కిందది వాలుగా ఉంటే, రష్యన్ ఆర్థడాక్స్ వాళ్లది. మొదటిసారి చూసినప్పుడు మేకు ఊడి పక్కకు ఒరిగిందనుకున్నాను. పైన చిన్నది నేరపత్రం పలక, కిందది పాదాలకు ఆనుకునే చెక్క. యేసు కుడివైపు కొస పైకి లేచి ఉంటుంది. పశ్చాత్తాపపడ్డ దొంగ అటువైపు వాడని, అందుకే అది పరలోకాన్ని చూపిస్తోందని వాళ్ల వివరణ.

ఇంటూ గుర్తులా ఉంటే యేసు శిష్యుడు అంద్రెయది. తలకిందులుగా ఉంటే కంగారుపడకండి. యేసులా చనిపోయే అర్హత తనకు లేదని మరో శిష్యుడు పేతురు తలకిందులుగా వేయించుకున్నాడని సంప్రదాయం.

5. పైకి, తర్వాత కిందికి చూడండి

పైన ‘ఐఎన్ఆర్ఐ’ అనే నాలుగు లాటిన్ అక్షరాలుంటే, ‘నజరేయుడైన యేసు, యూదుల రాజు’ అని అర్థం. యేసుకు శిక్ష వేసిన రోమన్ అధిపతి పిలాతు ఆ మాట మూడు భాషల్లో రాయించాడని యోహాను సువార్త చెబుతోంది.

కొన్నిటికి అడుగున చిన్న పుర్రె కూడా ఉంటుంది. చాలామంది దాన్ని చూసి దెయ్యాల గొడవేమో అనుకుంటారు. యేసును సిలువ వేసిన చోటు పేరు గొల్గొతా, అంటే కపాల స్థలం. ఆదాము సమాధి అక్కడే ఉందని పాత నమ్మకం. కొన్ని చిత్రాల్లో యేసు పాదాల నుంచి కారిన నెత్తురు సరిగ్గా ఆ పుర్రె మీద పడుతుంటుంది.