ఎదిరింపు నడుమ విశ్వాసాన్ని పంచుకోవడం
ధైర్యం ముందుగా ప్రార్థనలో అడిగి పొందవలసినది. బైబిల్లోని అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో, యేసు నామమున బోధించవద్దని యూదుల మహాసభ బెదిరించి విడిచిపెట్టిన పేతురు, యోహానులు తమవారి వద్దకు చేరినప్పుడు, ఆ విశ్వాసులు బెదిరింపులు తొలగిపోవాలని కాక, వాక్యాన్ని ధైర్యంగా చెప్పే శక్తి కావాలని వేడుకున్నారు. ఆపైన, క్రీస్తును ఎరుగక మునుపు మీరు ఎలా ఉండేవారో, తరువాత ఏమి మారిందో రెండు నిమిషాల్లో చెప్పగలిగేలా సిద్ధపడండి. ఎదుటివారు గొంతు పెంచితే మీరు తగ్గించండి. 1 పేతురు 3:15 మన నిరీక్షణకు కారణం అడిగేవారికి సమాధానం చెప్పమంటూనే సాత్వికాన్నీ కోరుతుంది, మనలో చాలామందిమి ఆ రెండో సగాన్నే మరచిపోతుంటాం. "ఇది మీకెలా తెలుసు?" అని నిలదీస్తే, తెలియనిదాన్ని తెలియదనే ఒప్పుకోండి. ఇష్టపడనివారిని బలవంతపెట్టకండి, ఏథెన్సులో అపొస్తలుడైన పౌలు బోధించినప్పుడు కొందరు అపహసించగా, మరికొందరు ఇంకొకసారి వింటామన్నారు, పౌలు వారి మధ్య నుండి వెళ్లిపోయాడు.