సూక్ష్మ శస్త్రచికిత్సలో సాయం చేసే చెయ్యి – మూడో పాఠం: శ్రావణం పట్టు

పోయిన పాఠంలో ముంజేయి బల్లకు ఆనించి, భుజాలు వదులుగా పెట్టి కూర్చోవడం దగ్గర ఆగాం. అది ఇంకా అలవాటు కానివాళ్లు వెనక్కి పోండి, తొందరేం లేదు.

ఈ వారం పనిముట్టు చేతికొస్తుంది. ఆపరేషన్ థియేటర్లో జ్యూయలర్ ఫోర్సెప్స్ అంటారు, కంసాలి శ్రావణమే. కడపలో ఉన్నవాళ్లు ఒక ఆదివారం ప్రొద్దుటూరు పోయి, రాళ్లు పొదిగే ఆచారి పక్కన కాసేపు నిలబడండి. ఆయన మణికట్టు, చిటికెనవేలి వైపు అంచు కదలవు. ఆడేవి మూడు వేళ్లే.

పెన్సిల్ పట్టినట్టు పట్టండి. మొనలు కలిసేంతే నొక్కాలి. ఇంకా నొక్కితే కలిసిన మొనలు మళ్లీ విడిపోతాయి, పట్టిన దారం జారిపోతుంది. కొత్తవాళ్లు అప్పుడు ఇంకా గట్టిగా నొక్కుతారు! చెయ్యి వణికితే దిగులొద్దు. సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా వణకడం అందరి చేతులకూ ఉన్నదే, మైక్రోస్కోపు దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. బిగబట్టేకొద్దీ ఎక్కువవుతుంది.

ఇంట్లో సాధనకు అసలు శ్రావణం వద్దు. ఫ్యాన్సీ అంగట్లో దొరికే కనుబొమ్మల ప్లక్కర్ చాలు. తడిగుడ్డ మీద ఇరవై రాగి గింజలు చల్లి, ఒక్కొక్కటే ఎత్తి వరుసగా పేర్చండి. పట్టు ఎక్కువైతే గింజ ఎగిరి గోడకు తగులుతుంది. నా మొదటి రోజు సగం గింజలు మంచం కిందనే దొరికాయి. గింజలు ఎగరడం ఆగాక గాజుగుడ్డలోంచి ఒక్క పోగు లాగండి, పక్క పోగు కదలకుండా.

ఇంత సుతారం ఎందుకంటే, రక్తనాళాన్ని పైపొర దగ్గర మాత్రమే పట్టాలి. లోపలి పొర నలిగితే అక్కడే రక్తం గడ్డకడుతుంది, డాక్టరు గంటలు కూర్చుని వేసిన కుట్లు వృథా. ఆ కుట్లకు వాడే, 10-0 అనే సైజు దారం మందం 0.03 మిల్లీమీటర్లకు లోపే, తల వెంట్రుక కంటే సన్నం.

అసలు శ్రావణం చేతికిచ్చిన రోజు ఒకటి గుర్తుపెట్టుకోండి: పని కాగానే మొనలకు రబ్బరు తొడుగు వెయ్యాలి. నేర్చుకునే రోజుల్లో నేనొకటి మొన కిందికి పడేశాను. కంటికి బాగానే కనబడింది, మైక్రోస్కోపు కింద పెడితే కొక్కెంలా వంగింది. ఆ నెలంతా నాకు గాజుగుడ్డలు మడిచే పనే.

వచ్చే వారం కత్తెర: కుట్టు తోక ఎంత వదిలి కత్తిరించాలో చూద్దాం. రాగులు దగ్గరే పెట్టుకోండి.