10, 12, 14, 17: కారు పనికి మొదటి పానాలు కొనేముందు

షాపుకు వెళ్లేముందు బానెట్ ఎత్తి చూడండి. కారులో ఏ సైజు బోల్టులున్నాయో తెలియకుండా నూట ఎనిమిది ముక్కల పెట్టె కొంటే, అందులో సగం ముక్కలకు నూనె మరక కూడా అంటదు.

మారుతి, టయోటా, హోండా, హ్యుందాయ్ కార్లలో ఇంట్లో చేసుకోగల పని దాదాపు అంతా 10, 12, 14, 17 మి.మీ. సైజులతో అయిపోతుంది. టాటా, మహీంద్రా, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలో 13, 16, 18 కూడా ఎక్కువగా తగులుతాయి. మర ఒకటే అయినా తల కొలత వేరవడమే దీనికి కారణం. 8 మి.మీ. మర ఉన్న బోల్టుకు జపాన్ కార్లలో తల 12 ఉంటే, యూరప్ పద్ధతిలో 13. 10 మి.మీ. మరకు జపాన్‌లో 14, యూరప్‌లో 16, పాత జర్మన్ కొలతలో 17. 6 మి.మీ. మరకు మాత్రం ఎక్కడైనా సాధారణంగా 10. బ్యాటరీ టెర్మినల్ దగ్గర్నుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాకా అన్నిచోట్లా అదే కావాలి, ఇంజన్ సందుల్లో పడి ముందుగా పోయేదీ అదే. 10 మి.మీ. సాకెట్లు (బోల్టు తల మీద కూర్చునే గొట్టం లాంటి ముక్కలు) రెండు కొనండి.

సాకెట్ సెట్ కౌంటర్ మీదకు రాగానే షాపువాళ్లు 1/2 ఇంచ్‌దే ముందు పెడతారు (హ్యాండిల్‌కు సాకెట్ తగిలించే చదరపు మొన కొలత ఇది). మొదటి సెట్‌గా 3/8 ఇంచ్ అడగండి. 6 మి.మీ. బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. 1/2 ఇంచ్ పొడుగు హ్యాండిల్‌తో తిప్పితే బరువు చేతికి తెలిసేలోపే బోల్టు తెగి, సగం ఇంజన్‌లో మిగిలిపోతుంది. సెట్‌లో 8 నుంచి 19 దాకా సాకెట్లు, 75, 150 మి.మీ. ఎక్స్‌టెన్షన్లు, ఒక యూనివర్సల్ జాయింట్ ఉంటే సరిపోతుంది. లోతు సాకెట్లు 10, 12, 14 విడిగా తీసుకోండి. స్పార్క్ ప్లగ్ సాకెట్ ఇప్పటి పెట్రోల్ కార్లలో ఎక్కువగా 16, కొన్నిటికి 14. ప్లగ్‌ను పట్టి ఉంచే రబ్బరో అయస్కాంతమో లోపల లేకపోతే, ఆ లోతులోంచి ప్లగ్ పైకి రాదు.

సాకెట్ లోపలికి చూడండి. ఆరు మూలలది కావాలి. పన్నెండు మూలలది తొందరగా కూర్చుంటుంది కానీ, తుప్పు పట్టిన తల మీద జారి దాన్ని గుండ్రం చేస్తుంది. సాకెట్లను తిప్పే ర్యాచెట్ హ్యాండిల్‌కు లోపల పళ్లెన్నో అడగండి. 72 పళ్లయితే 5 డిగ్రీలు కదిపినా పట్టుకుంటుంది. 24 అయితే 15 డిగ్రీల చోటు కావాలి, అంత చోటు ఇంజన్ సందుల్లో దొరకదు. సీఆర్-వి (క్రోమ్ వెనేడియం ఉక్కు) అన్న ముద్రను నమ్ముకోవద్దు, అది ఎవరైనా కొట్టుకోవచ్చు. సాకెట్‌ను ర్యాచెట్‌కు తగిలించి ఊపి చూడండి. కొత్తలోనే బాగా ఊగితే వదిలేయండి. అందుకే ఈ ఒక్క వస్తువునైనా సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో చేత్తో పట్టుకుని కొనడం మేలు. అమెరికాలో ఉన్నవాళ్లు అంగుళాల సైజులు కలిపిన సెట్‌కు డబ్బు పెట్టొద్దు. టయోటా, హోండాలకు మెట్రిక్ ఒక్కటే చాలు.

పానాల్లో ఒకవైపు రింగు, మరోవైపు నోరు ఉన్న కాంబినేషన్ రకం 8 నుంచి 19 దాకా తీసుకోండి. నట్టూ బోల్టూ రెండూ 14 అయినచోట ఒకదాన్ని పానాతో పట్టుకుని, రెండోదాన్ని సాకెట్‌తో తిప్పాలి. గట్టిగా పట్టిన బోల్టును రింగు వైపుతోనే కదపండి. నోరు వైపు వదులయ్యాక తిప్పడానికే. నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే స్క్రూ స్పానర్‌తో కారు బోల్టుల జోలికి పోవద్దు.

చక్రాల నట్లకు 1/2 ఇంచ్ టామీ బార్ (ర్యాచెట్ లేని పొడుగు హ్యాండిల్) ఒకటి, దానికి మీ కారు సైజు సాకెట్ (చిన్న కార్లకు ఎక్కువగా 19 లేదా 21) విడిగా కొనండి. టైర్ల షాపులో గన్‌తో బిగించిన నట్లు కారుతో వచ్చిన వీల్ పానాకు లొంగవు. ర్యాచెట్‌కు పైపు తొడిగితే లోపలి పన్ను విరుగుతుంది. కారు నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తండి.

బిగించడానికి, బిగువును కొలిచే టార్క్ రెంచ్ కావాలి. 1/2 ఇంచ్‌లో 40–200 న్యూటన్ మీటర్లది చాలు. మాన్యువల్‌లో కేజీఎఫ్-మీటర్ అని ఉంటే 9.8తో గుణించండి, న్యూటన్ మీటర్లు వస్తాయి. టార్క్ రెంచ్‌తో నట్లు విప్పొద్దు. పని అయ్యాక స్కేలును అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగు పట్టు తప్పుతుంది.

స్క్రూడ్రైవర్లలో రెండో నంబర్ ప్లస్, ఒక మైనస్, కటింగ్ ప్లేయర్, నోస్ ప్లేయర్ చాలు. యూరప్ కార్లకు టి20, టి25, టి30 టార్క్స్ బిట్లు (ఆరు మొనల నక్షత్రం ఆకారపువి) చేర్చండి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు దాన్ని చివర. పాజిటివ్ మీది పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి.

ఖర్చు తగ్గించకూడనిది ఒక్కచోటే. కారు కిందికి వెళ్లే ఆలోచన ఉంటే 2 టన్నుల ట్రాలీ జాకీ, జత జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు ఉండాల్సిందే. కారుతో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. ఇటుకలు బరువుకు ఒక్కసారిగా పగులుతాయి, వాటిమీద కారు నిలపకండి. స్టాండ్ల మీదకు దించాక కారును చేత్తో గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి వెళ్లండి. బడ్జెట్ చాలకపోతే టార్క్ రెంచ్ వచ్చే నెలకు వాయిదా వేయొచ్చు, స్టాండ్లను మాత్రం వాయిదా వేయకూడదు. స్ప్రింగ్ కంప్రెసర్, బేరింగ్ పుల్లర్ లాంటివి ఇప్పట్లో కొనక్కర్లేదు. ఆ పనులు మెకానిక్‌కే వదిలేయండి.