గల్ఫ్ విమానం ఎక్కేముందు: అక్కడ కేసు పడితే ఏం చేయాలో ఇక్కడే తెలుసుకోండి

జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. నేనూ పదకొండేళ్లు దుబాయ్, షార్జాల్లో పనిచేసి వచ్చాను. వీసా వచ్చిందని ఎవరైనా సంతోషంగా చెప్పడానికి వస్తే నేను ముందు అడిగేది ఒక్కటే: "పాస్‌పోర్ట్ జిరాక్స్ ఇంట్లో పెట్టావా?"

ఎందుకు అడుగుతానంటే, ఒకరోజు పొద్దున్నే ఒక అమ్మ మా ఇంటికి వచ్చింది. కొడుకు ఫోన్ రెండు వారాలుగా స్విచాఫ్. పోలీసులు తీసుకుపోయారని రూమ్‌లో ఉండే పిల్లాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆమె చేతిలో ఉన్నవి రెండే, పెళ్లి ఆల్బమ్‌లోంచి తీసిన ఫొటో, ఏజెంటు విజిటింగ్ కార్డు. పాస్‌పోర్ట్ నంబర్ తెలియదు, కంపెనీ పేరు తెలియదు, ఏ స్టేషనో తెలియదు. ఆ పాస్‌పోర్ట్ నంబర్ పట్టుకోవడానికే మాకు తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా అక్కడ అతను తనకు చదవడం రాని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టేశాడు.

అందుకే బయల్దేరే ముందు ఒక ప్లాస్టిక్ కవర్ తయారుచేయండి. అందులో పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీల జిరాక్సులు, వీసా కాపీ, ఉద్యోగ ఒప్పందం, ఏజెంటుకు డబ్బు కట్టిన రసీదు, కంపెనీ పేరు, అడ్రసు పెట్టండి. అక్కడికి వెళ్లాక అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు చేతికొస్తే (కువైట్‌లో పతాకా అంటారు) ఫొటో తీసి ఇంటికి పంపండి. కవర్ ఎక్కడుందో భార్యకో, అమ్మకో, తమ్ముడికో తెలియాలి. బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకుని విమానం ఎక్కితే లాభం లేదు.

రెండు ఫోన్ నంబర్లు కంఠతా రావాలి. ఒకటి ఇంటిది, ఇంకోటి అక్కడ నమ్మకమైన మనిషిది. అరెస్టయితే మొదట పోయేది ఫోనే. కాల్ చేసుకోమని స్టేషన్‌లో ఫోన్ చేతికిచ్చినా, ఒక్క నంబరూ గుర్తులేక తిరిగిచ్చేసినవాళ్లు నాకు తెలుసు.

ఇక సామాను. పచ్చళ్ల డబ్బాల మధ్య అమ్మ ప్రేమగా పెట్టే గసగసాల పొట్లం తీసేయండి. మనకది మసాలా, కానీ యూఏఈ (దుబాయ్, షార్జా ఉన్న దేశం), సౌదీ చట్టంలో నిషేధిత వస్తువు. అక్కడ అది డ్రగ్స్ కేసు కింద చూస్తారు. "నాకు తెలియదు సార్" అన్న మాట విమానాశ్రయంలో పనిచేయదు. నొప్పులకు వాడే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, నిద్రమాత్రలు కూడా అంతే. నిజంగా వాడాల్సిన మందైతే డాక్టర్ చీటీ దగ్గర ఉండాలి, యూఏఈ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. ఇంకొకరు ఇచ్చిన పార్సెల్ మాత్రం విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దు. "మా బావకు బట్టలు, ఇచ్చెయ్ అన్నా" అని బతిమాలుతారు. మొహమాటం పడకండి. పెట్టె ఎవరి పేరున ఉంటే కేసు వాళ్లదే.

అక్కడికి చేరాక జరిగే తప్పుల్లో చాలావరకు స్నేహం వల్ల జరిగేవే. మన పేరున తీసిన సిమ్ ఇంకొకరికి ఇస్తాం. జీతం పడే బ్యాంకు కార్డు నాలుగు రోజులు వాడుకుంటానంటే ఇస్తాం. ఆ సిమ్‌తో మోసం జరిగినా, ఆ ఖాతాలోకి మోసం సొమ్ము వచ్చినా పోలీసులు ముందు తట్టేది మన తలుపే. సౌదీలో, కువైట్‌లో మద్యం నిషేధం, రూమ్‌లో సారా కాసేవాళ్లతో కలిసి ఉన్నా మీరూ ఇరుక్కుంటారు. యూఏఈలో వాట్సాప్‌లో తిట్టినా నేరమే. తన బెయిల్ కోసం మీ పాస్‌పోర్ట్ జమ చేయమని తోటివాడు అడిగితే, తర్వాత అతను కోర్టుకు రాకపోతే మీ పరిస్థితేంటో ముందే ఆలోచించుకోండి.

కఫీల్‌తో, అంటే మన వీసాకు పూచీ ఉన్న యజమానితో గొడవ వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. జీతం ఇవ్వలేదనో, కొట్టారనో రాత్రికి రాత్రి బయటికి వచ్చేస్తారు. అప్పుడు యజమాని సౌదీలో హురూబ్ పెడతాడు, అంటే పారిపోయాడని రాయిస్తాడు. దాంతోపాటు డబ్బు, ఫోన్, బంగారం పోయిందని దొంగతనం కేసు కూడా పెట్టొచ్చు. కువైట్‌లో ఖాదిం వీసా మీద ఇళ్లల్లో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లకు ఈ భయం ఎక్కువ. బయటికి రావాల్సి వస్తే నేరుగా ఎంబసీకి వెళ్లండి, ఖల్లివెల్లి (కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాళ్ల) రూముల్లోకి కాదు. కంపెనీ బండి, ఫోన్, తాళాలు, కలెక్షన్ డబ్బు అప్పగించేటప్పుడు సంతకం తీసుకోండి, కనీసం ఫొటో తీసి ఇంటికి పంపండి. ఒకసారి మత్లూబ్ లిస్టులో, అంటే పోలీసులు వెతికేవాళ్ల జాబితాలో పేరు ఎక్కితే దేశం దాటడం కుదరదు. క్షమాభిక్ష వచ్చినప్పుడు కూడా మామూలుగా వీసా గడువు దాటినవాళ్లనే పంపుతారు, క్రిమినల్ కేసు ఉన్నవాళ్లను కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పోలీసులు పట్టుకున్న రోజు.

ఎదురు తిరగొద్దు, పరుగెత్తొద్దు, డబ్బు ఇవ్వజూపొద్దు. లంచం ఇంకో కేసు అవుతుంది. ఆ తర్వాత మీ నోటి నుంచి రావాల్సిన మాటలు రెండే: "ఇండియన్ ఎంబసీకి చెప్పండి", "ట్రాన్స్‌లేటర్ కావాలి". 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 36వ అధికరణ ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు అడిగితే ఆలస్యం చేయకుండా అతని దేశ కాన్సులేట్‌కు తెలియజేయాలి. ఆ హక్కు ఉందని అతనికి చెప్పాల్సింది కూడా పోలీసులే. అడిగితే అన్న మాట గుర్తుపెట్టుకోండి. మీరు నోరు తెరిచి అడగాలి, ఒకసారి వినకపోతే మళ్లీ అడగాలి.

యూఏఈలో పోలీసులు 48 గంటల్లోగా పబ్లిక్ ప్రాసిక్యూషన్ (కేసు నడిపే ప్రభుత్వ న్యాయాధికారులు) ముందుకు పంపుతారు. అక్కడ రాసే వాంగ్మూలం అరబ్బీలో ఉంటుంది. కేసంతా దాని మీదే నడుస్తుంది. అనువాదం చేసే మనిషి వచ్చి, పూర్తిగా చదివి వినిపించి, మీరు చెప్పిందే రాశారని తేలేదాకా సంతకం పెట్టకండి. "సంతకం పెట్టెయ్, సాయంత్రానికి పంపిస్తాం" అని ఎవరన్నా సరే. ట్రాన్స్‌లేటర్ హిందీలో చెబుతుంటే, మీకు హిందీ అంతంతమాత్రమే అయితే, అర్థం కాలేదని చెప్పండి. సిగ్గుపడి తలూపితే అది ఒప్పుకున్నట్టే.

లాయర్ సంగతి. ఎంబసీ అధికారి కోర్టులో వాదించరు, జైలు నుంచి విడిపించలేరు. జైలుకు వచ్చి కలుస్తారు, కేసు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుంటారు, తమ దగ్గరున్న స్థానిక లాయర్ల జాబితా ఇస్తారు. ఫీజు కట్టలేని పేదవాళ్లకు 2009లో మొదలైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి న్యాయ సహాయం అడగొచ్చు. యూఏఈలో మరణశిక్షో, యావజ్జీవమో పడే నేరమైతే, నిందితుడికి లాయర్ లేకపోతే కోర్టే ప్రభుత్వ ఖర్చుతో పెడుతుంది. సొంతంగా పెట్టుకుంటే ఫీజు ఎంత, ఏ కోర్టు వరకు అన్నది కాగితం మీద రాయించుకోండి. కింది కోర్టు ఒక్కటేనా, అప్పీలు కూడానా అని తప్పకుండా అడగండి. తీర్పు వచ్చాక అప్పీలుకు యూఏఈలో 15 రోజులే, సౌదీలో 30 రోజులు. ఊళ్లో డబ్బు పోగుచేసేలోగా ఆ గడువు దాటిపోయిన ఇళ్లు చూశాను.

ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు ఒక మాట. "అక్కడ నాకు పోలీసాఫీసర్ తెలుసు, మూడు లక్షలు పంపండి" అని ఫోన్ చేసేవాళ్లను నమ్మకండి. బాధలో ఉన్న ఇంటిని వాళ్లు వాసన పట్టి వస్తారు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, వచ్చిన నంబర్ జాగ్రత్త చేయండి. యూఏఈలో ఉన్నవాళ్లు ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 800 46342కు ఫోన్ చేయొచ్చు. తెలంగాణవాళ్లు హైదరాబాద్ ప్రజాభవన్‌లో గల్ఫ్ కుటుంబాల ఫిర్యాదులు తీసుకునే ప్రవాసీ ప్రజావాణికి, ఆంధ్రావాళ్లు తాడేపల్లిలో ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి వెళ్లొచ్చు. కోపంతో కఫీల్ పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో వీడియోలు మాత్రం పెట్టకండి, అది జైల్లో ఉన్న మనిషి మీద ఇంకో కేసుగా తిరగొచ్చు.

సిరిసిల్ల వాళ్ల కేసు మా దగ్గర అందరికీ తెలుసు. నేపాల్‌కు చెందిన వాచ్‌మన్ హత్య కేసులో దుబాయ్‌లో జైలుకెళ్లారు. నేపాల్‌లోని ఆ కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం అందింది, వాళ్లు క్షమించారు కూడా. అయినా విడుదలకు ఏళ్లు పట్టింది. వాళ్లలో అన్నదమ్ములిద్దరు దాదాపు 18 ఏళ్లు జైల్లో ఉండి, 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో దిగారు. టీవీలో చూసిన ఆ దృశ్యం నాకింకా కళ్ల ముందే ఉంది. అందుకే మొదటి రోజు గురించి ఇంతగా చెబుతున్నాను.

ఈ రాత్రి మా పక్కింటి పిల్లాడు కువైట్ వెళ్తున్నాడు. కవర్ రెడీ అయింది, వాళ్లమ్మ దాన్ని దేవుడి అరలో పెట్టింది. గసగసాల పొట్లం నేనే తీసి వంటింట్లో ఇచ్చేశాను. నంబర్ చూడకుండా చెప్పమంటే చివరి అంకె ఇంకా తప్పు చెబుతున్నాడు. శంషాబాద్ దాకా కారులో నేనూ వెళ్తున్నాను, దారి పొడవునా చెప్పిస్తాను.