డీ డ్రైవ్‌లో ఉన్న తెలుగు ఫాంట్లు ఉబుంటులో కనిపించకపోతే

సమస్య

షాపులో సిస్టమ్‌కి ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశారు. పెండ్లి పత్రికలకు వాడే ఫాంట్లన్నీ పాత విండోస్ నాటి డీ డ్రైవ్‌లోనే ఉన్నాయి. ఫోల్డర్ తెరిస్తే ఫైళ్లు ఎదురుగానే ఉంటాయి. డిజైన్లు చేసే ఇంక్‌స్కేప్ తెరిస్తే మాత్రం ఫాంట్ల లిస్టులో పొన్నాల ఉండదు, రమణీయ ఉండదు. పాత డిజైన్ తెరిస్తే ‘శుభలేఖ’ ఏదో సాదా ఫాంట్‌లోకి మారిపోయి, కింది లైన్లన్నీ జరిగిపోయి ఉంటాయి. మేడారం జాతర ముందు ఫ్లెక్సీల గిరాకీ మీదున్నప్పుడు ఇలా అయితే ఇక టెన్షనే.

కారణం

ఫాంట్లు పాడవలేదు. ఉబుంటులో ఇంక్‌స్కేప్ గానీ, ఆఫీసు పనులకు వాడే లిబ్రాఫీస్ గానీ ఫాంట్లను సొంతంగా వెతుక్కోవు, ఫాంట్‌కాన్ఫిగ్ అనే లైబ్రరీని అడుగుతాయి. అది మామూలుగా వెతికే చోట్లు కొన్నే: సిస్టమ్‌లో యూఎస్ఆర్ కింద ఉన్న ఫాంట్స్ ఫోల్డర్లు, మీ హోమ్‌లో డాట్ లోకల్, షేర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్. డీ డ్రైవ్ ఈ లెక్కలో లేదు.

ఫాంట్లన్నీ హోమ్‌లోకి కాపీ కొట్టినా పని జరుగుతుంది. కానీ విండోస్ కూడా వాడే సిస్టమ్‌లో రెండు కాపీలు పెట్టుకుంటే, కొత్త ఫాంట్ ఒకచోట వేసి రెండోచోట మర్చిపోవడం ఖాయం. ఉన్నచోటే చూడమని లైబ్రరీకి చెప్పడం మేలు.

పరిష్కారం

హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లు బయటపడతాయి. డాట్ కాన్ఫిగ్‌లోకి వెళ్లి, ఫాంట్‌కాన్ఫిగ్ పేరుతో ఫోల్డర్ లేకపోతే చేయండి. అందులో ఫాంట్స్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ పెట్టాలి. ఇది ఎక్స్ఎంఎల్ ఫైల్, అంటే ట్యాగులతో రాసేది. ఫాంట్‌కాన్ఫిగ్ ట్యాగ్ తెరిచి, లోపల డిర్ ట్యాగ్‌లో మీ ఫాంట్ల ఫోల్డర్ దారి పూర్తిగా రాసి, రెండు ట్యాగులూ మూసేయండి. సబ్‌ఫోల్డర్లు విడిగా రాయక్కర్లేదు. ఫోల్డర్ పేరులో ‘అండ్’ గుర్తు ఉంటే ముందే పేరు మార్చండి, దాన్ని ఎక్స్ఎంఎల్ నేరుగా ఒప్పుకోదు.

తర్వాత కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో ఎఫ్‌సీ-క్యాష్ కమాండ్‌ను ఎఫ్, వీ ఆప్షన్లతో నడపండి. చూసిన ప్రతి ఫోల్డర్ పేరూ, అందులో దొరికిన ఫాంట్ల సంఖ్యా వస్తాయి. మీ ఫోల్డర్ ఆ వరుసలో ఉంటే ఇంక్‌స్కేప్ మూసి మళ్లీ తెరవండి.

ఈటీసీ కింద ఉన్న అసలు ఫాంట్స్ డాట్ కాన్ఫ్ జోలికి మాత్రం పోవద్దు. మార్చవద్దని ఆ ఫైల్లోనే రాసి ఉంటుంది. సిస్టమ్ వాడే అందరికీ కావాలంటే అదే ఫోల్డర్‌లో లోకల్ డాట్ కాన్ఫ్ పెట్టండి.

అయినా రాకపోతే

ముందు ఎఫ్‌సీ-క్యాష్ ఏమంటుందో చదవండి. ఎర్రర్‌తో పాటు లైన్ నంబర్ ఇస్తే ఎక్కడో ట్యాగ్ మూయలేదని. అలాంటి ఫోల్డర్ లేదు, వదిలేస్తున్నా అంటే దారి తప్పు రాశారు, లేదా డ్రైవ్ ఇంకా మౌంట్ కాలేదు, అంటే సిస్టమ్ దాన్ని ఇంకా తెరవలేదు. రాత్రి బాగానే ఉన్న ఫాంట్లు పొద్దున షాపు తెరిచేసరికి మాయమవుతున్నాయంటే ఈ రెండోదే. ఫైల్ మేనేజర్‌లో నొక్కేదాకా డీ డ్రైవ్ మౌంట్ కాదు మరి. డిస్క్స్ యాప్‌లో ఆ పార్టిషన్ మౌంట్ ఆప్షన్లకు వెళ్లి, డిఫాల్ట్స్ ఆపేసి, సిస్టమ్ మొదలైనప్పుడే మౌంట్ అయ్యేలా టిక్ పెట్టండి. అప్పుడు దారి మారవచ్చు, డిర్ ట్యాగ్‌లో కూడా మార్చుకోవాలి.

లిబ్రాఫీస్‌లో వచ్చి ఇంక్‌స్కేప్‌లో రాకపోతే మీరు వేసుకున్న ఇంక్‌స్కేప్ స్నాప్ ప్యాకేజీయేమో చూడండి. ఉబుంటులో యాప్‌లు వేసుకునే పద్ధతుల్లో స్నాప్ ఒకటి, డెబ్ ఇంకొకటి. స్నాప్ యాప్‌లను సిస్టమ్ కొన్ని హద్దుల్లోనే ఉంచుతుంది, బయటి డ్రైవ్‌లను అన్నిటినీ చూడనివ్వదు. అనుమతులతో కుస్తీ పట్టేకంటే డెబ్ ప్యాకేజీ వేసుకోవడం తేలిక.

ఇక డీటీపీ పనుల్లో వాడే ‘అను’ ఫాంట్ల సంగతి. ఫాంట్ల జాబితా చూపే ఎఫ్‌సీ-లిస్ట్ కమాండ్‌లో తెలుగు భాష అని వడకడితే మన బమ్మెర పోతన పేరున్న పోతన 2000 లాంటి యూనికోడ్ ఫాంట్లే వస్తాయి, అను రావు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత స్థానం ఉంటుంది. అను ఫాంట్లలో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి కాబట్టి లైబ్రరీ వాటిని తెలుగు ఫాంట్లుగా గుర్తించదు. వడకట్టకుండా పేరుతో వెతకండి. పేరు కనిపించినా యూనికోడ్‌లో కొట్టిన మ్యాటర్ ఆ ఫాంట్‌లోకి మారదు. ఆ మ్యాటర్‌ను ముందు కన్వర్టర్‌తో అను పద్ధతిలోకి మార్చుకోవాల్సిందే.