ఉయుని ఉప్పు ఎడారికి బయల్దేరే ముందు

బొలీవియాలోని సలార్ దె ఉయుని సుమారు 10,000 చదరపు కిలోమీటర్ల ఉప్పు నేల. ఎత్తు 3,650 మీటర్ల పైనే. కాబట్టి ముందు చూసుకోవాల్సింది ఊపిరి సంగతి.

• విమానం దిగిన రోజే జీపు ఎక్కకండి. రెండు రోజులు నెమ్మదిగా తిరిగి, ఒంటికి అలవాటు చేయండి. మూడు రోజుల టూర్లో లగూనా కొలొరాదా అనే ఎర్రటి సరస్సు దగ్గరికి వచ్చేసరికి 4,200 మీటర్లు దాటుతుంది. తలనొప్పి, వాంతులు తగ్గకపోతే మొహమాటపడకుండా కిందికి దిగిపోవాలి.

• నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. తెల్లటి ఉప్పు మీద పడిన ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయాలి. అక్కడ రాయడం అందరూ మర్చిపోతారు!

• ఉప్పు మీద వాన నీళ్లు నిలిచి అద్దంలా మెరిసేది చూడాలంటే జనవరి నుంచి మార్చి మధ్య వెళ్లాలి. రబ్బరు బూట్లు వేసుకోండి. నీళ్లు ఎక్కువైతే ఉప్పు నేల మధ్యలో ఉన్న ఇంకావాసి దీవికి దారి ఉండదు.

• జూన్, జూలైల్లో రాత్రి చలి సున్నా కిందికి పోతుంది.

• జీపు ఎక్కే ముందే స్పేర్ టైరు, సీటు బెల్టులు చూడండి. డ్రైవర్ దగ్గర మందు వాసన వస్తే డబ్బు పోయినా దిగిపోండి.

• ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. ఆ సర్టిఫికెట్ లేకుండా ఇండియాకు తిరిగొస్తే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. దాన్ని పాస్‌పోర్టుతోపాటే ఉంచండి.