ఆర్చర్ సీ6 రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించడం, చెడితే వెనక్కి తెచ్చుకోవడం

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అంటే రూటర్‌లో కంపెనీ వేసిన ఫర్మ్‌వేర్ (రూటర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) బదులు వేసుకునే ఉచిత ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్. ముందు రూటర్‌ని తిరగేసి అడుగున ఉన్న స్టిక్కర్ చదవండి. మోడల్ పేరు పక్కన 'వెర్' అని చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది. ఫర్మ్‌వేర్ ఎక్కించి రూటర్ పాడుచేసుకున్నవాళ్లలో చాలామంది ఆ అంకె చూడనివాళ్లే. టీపీ-లింక్ ఆర్చర్ సీ6 పేరుతో అమ్మిన వెర్షన్ 2లో క్వాల్‌కామ్ చిప్ ఉంటుంది, వెర్షన్ 3లో మీడియాటెక్ చిప్. పెట్టె ఒకేలా ఉన్నా లోపల రెండూ వేర్వేరు యంత్రాలు. ఒకదాని ఫైలు ఇంకొకదానికి పనికిరాదు. వెర్షన్ 2లో కూడా యూరప్, రష్యా, జపాన్ మార్కెట్ల రకానికి ఒక ఇమేజ్ (ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైలు), అమెరికా రకానికి మరో ఇమేజ్ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఏ వెర్షన్ వస్తుందో అమ్మేవాళ్లు కూడా చెప్పలేరు. అందుకే ఈ పని కోసమే కొనేవాళ్లు షాపుకు వెళ్లి స్టిక్కర్ చూసి తీసుకోవడం మంచిది. సెకండ్ హ్యాండ్ అయితే స్టిక్కర్ ఫొటో అడగండి.

ఇక్కడ చెప్పే అంకెలు, ఫైలు పేర్లు ఆర్చర్ సీ6 వెర్షన్ 2 (యూరప్ రకం) కోసం. దీనిలో 775 మెగాహెర్ట్జ్ క్యూసీఏ9563 ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, 8 ఎంబీ ఫ్లాష్ (ఫర్మ్‌వేర్, సెట్టింగులు నిలవ ఉండే మెమరీ) ఉంటాయి. వేరే రూటర్ అయితే పద్ధతి దాదాపు ఇదే, కానీ ఐపీ అడ్రసు, రికవరీ ఫైలు పేరు మాత్రం ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైటులో ఆ మోడల్ పేజీ నుంచే తీసుకోవాలి.

అసలు ఏ రూటర్ పనికొస్తుంది? ఫ్లాష్ 8 ఎంబీ, ర్యామ్ 64 ఎంబీ కంటే తక్కువ ఉంటే వదిలేయండి. ఒకప్పుడు మన ఇళ్లలో ఎక్కడ చూసినా కనిపించిన టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్ పాత వెర్షన్లలో 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామే ఉండేవి. 19.07 వరుస తర్వాత అలాంటి వాటికి అధికారిక ఇమేజ్‌లు ఆగిపోయాయి. పాత ఇమేజ్ వేసుకుంటే పని చేయొచ్చు, కానీ భద్రతా సవరణలు రావు. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిందనే కదా ఈ పనికి దిగేది! అలాంటప్పుడు ఆగిపోయిన ఇంకో ఫర్మ్‌వేర్‌కి మారి ప్రయోజనం లేదు. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉన్నవాటిని కూడా పక్కన పెట్టండి. వాటికి ఓపెన్ డ్రైవర్లు సరిగా లేవు.

ఇంకో మాట. ఫైబర్ కనెక్షన్‌తో నెట్ కంపెనీవాళ్లు బిగించి వెళ్లిన ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) జోలికి వెళ్లకండి. అది వాళ్ల ఆస్తి, పైగా దాన్ని మారిస్తే లైనే పోతుంది. దాని వెనక మన సొంత రూటర్ పెట్టుకుని, దానిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించుకోవాలి.

కావలసినవి: లాన్ పోర్టు ఉన్న ల్యాప్‌టాప్ (లేకపోతే యూఎస్‌బీ లాన్ అడాప్టర్), రెండు నెట్‌వర్క్ కేబుళ్లు, రీసెట్ బటన్ నొక్కడానికి పిన్ను, వీలైతే పాత 5 పోర్టుల స్విచ్. స్విచ్ ఎందుకో తర్వాత చెబుతాం. రూటర్‌ని, ల్యాప్‌టాప్‌ని ఇన్వర్టర్ లేదా యూపీఎస్ మీద ఉంచండి. ఫ్లాష్ రాస్తున్న నిమిషంలో కరెంటు పోతే సగం రాసిన ఫర్మ్‌వేర్ మిగులుతుంది.

డౌన్‌లోడ్ అంతా ముందే పూర్తి చేయాలి. పని మొదలయ్యాక ఇంట్లో నెట్ ఉండదు. ఫోన్ డేటాతో సగంలో ఫైలు వెతుక్కోవడం మొదలుపెడితే తొందరలో తప్పుడు ఫైలు పడుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫర్మ్‌వేర్ సెలెక్టర్ పేజీలో మోడల్ పేరు కొడితే రెండు ఫైళ్లు కనిపిస్తాయి. పేరు చివర 'ఫ్యాక్టరీ' అని ఉన్నది కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి మొదటిసారి మారడానికి. 'సిస్‌అప్‌గ్రేడ్' అని ఉన్నది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కాక తర్వాతి అప్‌డేట్లకు. రెండూ దించుకోండి. టీపీ-లింక్ సైటు నుంచి అదే వెర్షన్, అదే ప్రాంతం ఉన్న కంపెనీ ఫర్మ్‌వేర్‌ని కూడా దించి దాచుకోండి. 'స్నాప్‌షాట్' అన్నది మాత్రం తీసుకోకండి. అది రోజూ మారే ప్రయోగ ఇమేజ్, అందులో వెబ్ పేజీ కూడా ఉండదు.

ప్రతి ఫైలు పక్కన ఎస్‌హెచ్‌ఏ256 అనే 64 అక్షరాల సంఖ్య ఉంటుంది. విండోస్‌లో సెర్ట్‌యుటిల్ ఆదేశంతో, లైనక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్‌తో మీ ఫైలుది లెక్కించి రెండూ ఒకటేనో కాదో చూడండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగినా బ్రౌజర్ ఒక్కోసారి పూర్తయినట్టే చూపిస్తుంది.

ఇక ఎక్కించడం. దీనికి ఎక్కువ సేపు పట్టదు. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, కేబుల్‌ని రూటర్ లాన్ పోర్టులో పెట్టండి. బయటి నెట్ వచ్చే నీలం రంగు వాన్ పోర్టులో కాదు. బ్రౌజర్‌లో 192.168.0.1 తెరిచి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో సిస్టమ్ టూల్స్, దాని కింద ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్‌కి వెళ్లి ఫ్యాక్టరీ ఫైలు ఇవ్వండి. ఫైలు పేరు మరీ పొడుగ్గా ఉంటే కొన్ని టీపీ-లింక్ పేజీలు ఒప్పుకోవు. ముందే 'ఫ్యాక్టరీ.బిన్' అని ఇంగ్లీషులో చిన్న పేరు పెట్టుకోండి. అప్‌గ్రేడ్ నొక్కాక కనీసం అయిదు నిమిషాలు దేన్నీ ముట్టుకోవద్దు. శాతం 100కి చేరాక పేజీ అక్కడే నిలబడిపోతుంది. కొత్త ఫర్మ్‌వేర్‌లో అడ్రసు మారింది కాబట్టి పాత పేజీ ఇక తిరిగి రాదు. చాలామంది ఇక్కడే కంగారుపడి ప్లగ్ పీకేస్తారు.

18005 అనే ఎర్రర్ వస్తే ఫైలు ఆ హార్డ్‌వేర్‌కి చెందినది కాదని రూటర్ చెబుతున్నట్టు. వెర్షనో ప్రాంతమో తేడా. దాన్ని తప్పించుకునే దారి వెతక్కండి, మళ్లీ స్టిక్కర్ దగ్గరికి వెళ్లండి.

లైటు నిలకడగా వెలిగాక కేబుల్ ఒకసారి తీసి పెట్టి, బ్రౌజర్‌లో 192.168.1.1 తెరవండి. ముందు హెచ్‌టీటీపీ అని మీరే టైప్ చేయండి. కొన్ని బ్రౌజర్లు తమంతట తాము హెచ్‌టీటీపీఎస్‌కి మార్చేసి పేజీ రావడం లేదంటాయి. యూజర్ పేరు రూట్, పాస్‌వర్డ్ ఖాళీ. లోపలికి వెళ్లగానే సిస్టమ్ మెనూలో అడ్మినిస్ట్రేషన్ కింద పాస్‌వర్డ్ పెట్టండి. అది పెట్టకుండా నెట్ కేబుల్ తగిలించవద్దు.

వైఫై కనిపించడం లేదా? అది లోపం కాదు. మొదటి బూట్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వైఫైని ఆపి ఉంచుతుంది, లేకపోతే పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ ఊరందరికీ తెరిచినట్టవుతుంది. నెట్‌వర్క్ మెనూలో వైర్‌లెస్‌కి వెళ్లి రెండు రేడియోలకీ దేశం కోడ్ ఇండియా అని ఎంచుకుని, పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి ఎనేబుల్ నొక్కండి. దేశం కోడ్ ఇవ్వకపోతే కొన్ని ఛానెళ్లు రావు, సిగ్నల్ బలం కూడా తగ్గుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ 1, 6, 11లో ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. అపార్ట్‌మెంట్‌లో 40 పెడితే పక్కింటివాళ్ల రూటర్‌తో కొట్లాటే. 5 గిగాహెర్ట్జ్‌లో 36వ ఛానెల్, 80 మెగాహెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. 52 నుంచి 144 వరకు రాడార్‌తో పంచుకునే ఛానెళ్లు. వాటిని పెడితే రూటర్ కనీసం ఒక నిమిషం గాలిని విన్నాకే వైఫై మొదలుపెడుతుంది, అందుకే పేరు వెంటనే కనిపించదు. భద్రతకి డబ్ల్యూపీఏ2 పెట్టండి. డబ్ల్యూపీఏ3 మాత్రమే పెడితే పాత ఫోన్లు, స్మార్ట్ బల్బులు, సీసీ కెమెరాలు కనెక్ట్ కావు.

నెట్ తగిలించేటప్పుడు మన దగ్గర ఎక్కువగా వచ్చే చిక్కు అడ్రసుల గొడవ. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అడ్రసు 192.168.1.1. చాలా ఓఎన్‌టీలదీ అదే. రెండూ ఒకే అడ్రసు మీద కూర్చుంటే వైఫై కనెక్ట్ అవుతుంది, నెట్ రాదు, సెట్టింగుల పేజీ కూడా అప్పుడప్పుడూ మాయమవుతుంది. వాన్ కేబుల్ పెట్టకముందే నెట్‌వర్క్ మెనూలో ఇంటర్‌ఫేసెస్‌కి వెళ్లి లాన్ అడ్రసుని 192.168.10.1గా మార్చండి. సేవ్ అండ్ అప్లై నొక్కాక 90 సెకన్లలోపు కొత్త అడ్రసులో లాగిన్ కాకపోతే రూటర్ మార్పుని తనంతట తానే రద్దు చేసుకుంటుంది. కాబట్టి నొక్కిన వెంటనే కేబుల్ తీసి పెట్టి కొత్త అడ్రసు తెరవాలి, లేదా హెచ్చరిక వచ్చినప్పుడు తనిఖీ లేకుండా అప్లై చేయమనే బటన్ ఎంచుకోవాలి.

ఓఎన్‌టీ రూటర్ మోడ్‌లో ఉంటే, అంటే నెట్‌కి లాగిన్ అదే అవుతుంటే, వాన్‌లో డీహెచ్‌సీపీ (అడ్రసు దానంతట అదే తెచ్చుకునే పద్ధతి) అలాగే వదిలేయండి, నెట్ వచ్చేస్తుంది. బ్రిడ్జ్ మోడ్‌లో ఉంటే, అంటే లైన్‌ని అలాగే మన రూటర్‌కి వదిలేస్తే, వాన్ ప్రోటోకాల్‌ని పీపీపీఓఈకి (యూజర్ పేరుతో నెట్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) మార్చి నెట్ కంపెనీ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. బ్రిడ్జ్ చేయమని కంపెనీవాళ్లని అడిగేటప్పుడే ఆ రెండూ రాయించుకోండి. చాలా చోట్ల ఆ పాస్‌వర్డ్ లైన్‌మ్యాన్‌కి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. కేబుల్ ఆపరేటర్ లైన్ అయితే పాత రూటర్ మ్యాక్ అడ్రసుకి (ప్రతి యంత్రానికీ ఉండే గుర్తింపు సంఖ్య) కట్టేసి ఉండొచ్చు. అప్పుడు డివైసెస్ ట్యాబ్‌లో వాన్‌కి పాత మ్యాక్ అడ్రసు ఇస్తే సరిపోతుంది.

8 ఎంబీ ఫ్లాష్‌తో బతకడానికి దాని లోపలి అమరిక తెలియాలి. ఇమేజ్ అంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే బాగా కుదించిన, చదవడానికి మాత్రమే వీలున్న భాగంలో ఉంటుంది. మీ సెట్టింగులు, తర్వాత వేసిన ప్యాకేజీలు ఓవర్‌లే అనే మిగతా చిన్న జాగాలోకి వెళ్తాయి. అసలు ఇమేజ్‌లో ఉన్న ప్యాకేజీనే కొత్త వెర్షన్‌కి మారిస్తే పాతది పోదు, కొత్తది ఓవర్‌లేలో అదనంగా చేరుతుంది. అలా అన్ని ప్యాకేజీలనూ ఒకేసారి అప్‌గ్రేడ్ చేస్తే జాగా నిండిపోయి సెట్టింగులు సేవ్ కావడం ఆగిపోతుంది. ప్యాకేజీలు విడిగా అప్‌గ్రేడ్ చేయకండి, ఎప్పుడూ మొత్తం ఇమేజ్‌నే మార్చండి. అదనపు ప్యాకేజీ కావాలంటే ఫర్మ్‌వేర్ సెలెక్టర్‌లోనే ప్యాకేజీల జాబితాకి దాని పేరు చేర్చి ఇమేజ్ తయారు చేయించుకోవచ్చు. అప్పుడది కుదించిన భాగంలోకి వెళ్తుంది కాబట్టి జాగా చాలా తక్కువ పడుతుంది. ప్యాకేజీ ఆదేశం 24.10 వరకు ఓపీకేజీ, ఆ తర్వాతి వరుసలో ఏపీకే. పాత సూచనలు కాపీ కొట్టేటప్పుడు ఈ తేడా చూసుకోండి.

అలా చేర్చుకోదగ్గ మొదటి ప్యాకేజీ ఎస్‌క్యూఎం, అంటే లైన్‌లో రద్దీని క్రమబద్ధం చేసేది. ఇంట్లో ఒకరు వీడియో అప్‌లోడ్ చేస్తుంటే మరొకరి కాల్ తెగిపోయే జబ్బుకి ఇదే మందు. దీనిలో కేక్ అనే పద్ధతి ఎంచుకుని, లైన్ నిజంగా ఇచ్చే వేగంలో 90 శాతం దగ్గర మొదలుపెట్టండి. అంటే 50 ఎంబీపీఎస్ లైన్‌కి 45000 కేబీపీఎస్. అయితే ఈ ప్రాసెసర్ చిన్నది. లైన్ కొన్ని వందల ఎంబీపీఎస్ అయితే ఎస్‌క్యూఎం వేగాన్ని కిందకి లాగేస్తుంది. అలాంటి లైన్‌కి ఎస్‌క్యూఎం మానేసి, ఫైర్‌వాల్ పేజీలో సాఫ్ట్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ (ప్రాసెసర్ మీద భారం తగ్గించే సెట్టింగు) పెట్టండి. రెండూ కలిపి పెడితే ఎస్‌క్యూఎం సరిగా పనిచేయదు.

అప్‌డేట్ చేసేటప్పుడు సిస్టమ్ మెనూలో బ్యాకప్, ఫ్లాష్ ఫర్మ్‌వేర్ పేజీ తెరిచి ముందు బ్యాకప్ దించుకుని, తర్వాత సిస్‌అప్‌గ్రేడ్ ఫైలు ఇవ్వాలి. బలవంతంగా రాయమనే టిక్ ఎప్పుడైనా అవసరమనిపిస్తే ఫైలు తప్పని అర్థం.

చెడిందనుకోండి, రెండు మెట్లున్నాయి. సెట్టింగు ఏదో తప్పు పెట్టి లోపలికి వెళ్లలేకపోతే ఫెయిల్‌సేఫ్ (మన సెట్టింగులు పక్కన పెట్టి బూట్ అయ్యే పద్ధతి) చాలు. ల్యాప్‌టాప్‌కి 192.168.1.2, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి. రూటర్ ఆన్ చేసి, బూట్ మధ్యలో లైటు వేగంగా మిణుకుమన్నప్పుడు ఏదైనా బటన్ నొక్కండి. అప్పుడు 192.168.1.1కి ఎస్‌ఎస్‌హెచ్‌తో (ఆదేశాలు టైప్ చేసే లాగిన్) పాస్‌వర్డ్ లేకుండా వెళ్లొచ్చు. ఫస్ట్‌బూట్ ఆదేశం ఇచ్చి రీబూట్ చేస్తే ఓవర్‌లే తుడిచిపెట్టుకుపోయి మొదటి రోజు స్థితికి వస్తుంది.

ఫర్మ్‌వేరే పాడైతే టీఎఫ్‌టీపీ, అంటే రూటర్ ఆన్ అవుతూనే ల్యాప్‌టాప్ నుంచి ఫైలు తీసుకునే పద్ధతి. ల్యాప్‌టాప్‌కి 192.168.0.66, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి. టీఎఫ్‌టీపీడీ64 లాంటి సర్వర్ తెరిచి, దాని ఫోల్డర్‌లో ఫ్యాక్టరీ ఫైలు పెట్టి పేరు మార్చండి. ఇంగ్లీషులో ఆర్చర్, సీ6, వీ2 ఖాళీ లేకుండా కలిపి, తర్వాత అండర్‌స్కోర్ టీపీ అండర్‌స్కోర్ రికవరీ డాట్ బిన్. ఆర్చర్‌లో మొదటి అక్షరం, సీ6లో సీ మాత్రమే పెద్దవి, మిగతావన్నీ చిన్నవి. ఒక్క అక్షరం తేడా ఉన్నా రూటర్‌కి ఫైలు దొరకదు. విండోస్ ఫైలు పేరు చివరను దాచి ఉంచితే 'బిన్.బిన్' అయ్యే ప్రమాదం ఉంది, అదీ చూసుకోండి. ఫైర్‌వాల్ కాసేపు ఆపి, రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఇచ్చి, కొన్ని సెకన్ల తర్వాత వదలండి. సర్వర్ లాగ్‌లో రూటర్ ఫైలు అడిగినట్టు కనిపించాలి.

ఏమీ కనిపించకపోతే స్విచ్ బయటికి తీయండి. రూటర్ ఆఫ్ అయినప్పుడు ల్యాప్‌టాప్ లాన్ పోర్టు కూడా లింక్ కోల్పోతుంది. మళ్లీ లింక్ వచ్చి ఐపీ నిలబడేలోపే రూటర్ అడిగేసి, జవాబు రాక వదిలేస్తుంది. మధ్యలో స్విచ్ ఉంటే ల్యాప్‌టాప్ వైపు లింక్ తెగదు. కంపెనీ ఫర్మ్‌వేర్‌కి వెనక్కి వెళ్లాలన్నా ఇదే దారి, దాచిపెట్టుకున్న టీపీ-లింక్ ఫైలుకి ఇదే పేరు పెట్టాలి. పని అయ్యాక ల్యాప్‌టాప్ ఐపీని మళ్లీ ఆటోమేటిక్‌కి, ఫైర్‌వాల్‌ని ఆన్‌కి మార్చండి. 192.168.0.66 అలాగే ఉండిపోతే 192.168.1.1 తెరుచుకోదు, రూటర్ బాగానే ఉన్నా చచ్చిపోయిందనుకుంటారు.